పుళ్ళి పదకొండు

2015 డిసెంబరు వానలకు చెన్నైలో మా వీధిలోకి నీళ్లు వచ్చినప్పుడు, కింది గదిలో ఉన్న పాత ట్రంకుపెట్టెను నేనూ పక్కింటి కుర్రవాడూ చెరో కొసా పట్టుకుని మేడ మీదికి చేర్చాం. నీళ్లు తీశాయి. పెట్టె మాత్రం పైనే ఉండిపోయింది. ఎక్కించడానికి వరద వస్తుంది గాని, దించడానికి ఏదీ రాదు కదా. పోయిన నెలలో మేడగదికి సున్నం వేయించాలని మా ఆవిడ పట్టుబట్టడంతో చివరికి మూత తెరిచాను.

అంచు అరిగిపోయిన టీ స్క్వేరు. రూలింగ్ పెన్ను. రాయిలా గడ్డకట్టిన పోస్టర్ కలర్ సీసాలు. మూడో నాలుగో వెంట్రుకలు మిగిలిన కుంచె ఒకటి. దాని మొదట్లో తెల్లదారం చుట్టి ఉంటే అది గురువుగారిదని గుర్తు. ముట్టుకుంటే విరిగే బటర్ పేపర్ చుట్టలు. రబ్బరు సొల్యూషన్ డబ్బా, మూత రాకుండా బిగుసుకుపోయింది. అన్నిటికంటే అడుగున ఒక ఖాకీ కవరు. దాని మీద నల్ల బాల్ పెన్నుతో, తమిళ అక్షరాల్లో "పుళ్ళి 11" అని రాసి ఉంది.

కవరు సంగతి చివర చెబుతాను. దాని దగ్గరికి రావాలంటే ముందు వడపళని మీదుగా రావాలి.

నేను మద్రాసు వచ్చింది 1983లో. తెనాలిలో డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు పాసై, ఆ కాగితాలు మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని రైలెక్కాను. మద్రాసు అంటే నాకు వడపళని, వడపళని అంటే చందమామ. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికను మా ఇంట్లో మూడు తరాలు చదివాయి. నేను చదవడం కంటే ముందు ఆ బొమ్మలు చూసి గీయడం నేర్చుకున్నాను. అంత ప్రేమ ఉన్నా, వచ్చిన మర్నాడు దాని గేటు దాకా వెళ్లి, అవతలి వైపు టీకొట్టు దగ్గర గంటసేపు నిలబడి, లోపలికి వెళ్లే ధైర్యం లేక తిరిగి వచ్చేశాను. పూందమల్లి హైరోడ్డు మీద ఉన్న ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల సంగతీ అంతే. 1850లో పుట్టిన ఆ కళాశాల ఎర్ర భవనాలను బస్సు కిటికీలోంచి చూడడమే నా చదువు.

మా ఊరివాళ్లకు తెలిసిన ఒక ప్రొడక్షన్ మేనేజరు నన్ను కోడంబాక్కంలో ఒక మేడ మీదికి తీసుకువెళ్లాడు. కింద దర్జీ కొట్టు, పైన ఒక పొడుగాటి గది. అందులో పడమటి కిటికీకి వీపు పెట్టుకుని ఒక పెద్దాయన బల్ల మీదికి వంగి ఉన్నారు. వాళ్లది నరసాపురం వైపు. సినిమా టైటిళ్లు, పత్రికా ప్రకటనలు, ఊరగాయ సీసాల లేబుళ్లు, శుభలేఖలు, ఏది వచ్చినా అక్షరాలు రాసేవారు. నా కాగితాలు చూడలేదు. "సున్నా చుట్టగలవా?" అని అడిగారు. చుట్టాను. "ఇది కోడిగుడ్డోయ్" అన్నారు. అలా చేరాను.

మొదటి మూడు నెలలూ సున్నాలే. కుంచె ఇవ్వలేదు. తెలుగు అక్షరం గుండ్రంగా ఉంటుందని అందరూ అంటారు, అదేదో మనం సాధించిన ఘనతలాగా. గురువుగారికి గుండ్రం మీద అంత మోజు లేదు. ఆ గుండ్రం ఎక్కడ తెగిందో, ఎటు తెరుచుకుందో, లోపల ఏముందో అదే ఆయన చూపించేవారు. చుట్టూ మూసి తలకట్టు పెడితే ర. లోపల చుక్క పెడితే ఠ. ధ లోపల చుక్క పెడితే థ. ప కడుపులో చిన్న మెలిక పెడితే ష. "మనం రాసేది నల్లరంగు కాదోయ్. లోపల మిగిలే తెలుపు" అనేవారు. అప్పట్లో నాకు ఇది పెద్దవాళ్లు ఊరికే అనే మాటలా అనిపించింది. న్యూస్‌ప్రింటు మీద నా అక్షరాలు మొదటిసారి అచ్చయి వచ్చినప్పుడు గాని అర్థం కాలేదు. ఆ కాగితం సిరాను పీల్చుకుంటుంది, సిరా పక్కలకు పాకుతుంది. బల్ల మీద ముచ్చటగా ఉన్న నా ఘ, ఝ, య పత్రికలో నల్లటి ఉండ్రాళ్లలా తేలాయి. గురువుగారి అక్షరాలు బల్ల మీద చూస్తే కొంచెం డొల్లగా, ఆకలితో ఉన్నట్టు కనబడేవి. అచ్చులో నిండుగా ఉండేవి. సిరా ఎంత పాకుతుందో ముందే లెక్కవేసి, అంతమేరకు లోపలి తెలుపును ఎక్కువగా వదిలేవారన్నమాట.

ఆయన పని మొదలుపెట్టే తీరు నాకు మొదట్లో వింతగా ఉండేది. వచ్చినవాళ్లు ఏ రంగు, ఏ బొమ్మ అని మొదలుపెడితే వినేవారు కాదు. "ఎక్కడ అతికిస్తారు?" అని అడిగేవారు. గోడ మీదా, పేపర్లోనా, సీసా మీదా? చూసేవాడు నిలబడి ఉంటాడా, నడుస్తుంటాడా, బస్సులో ఉంటాడా? ఎండలోనా, ట్యూబులైటు కిందా? ఆ తరువాత మ్యాటర్ మొత్తం పైకి చదివించేవారు. చాలామంది ఆర్టిస్టులు మ్యాటర్ చదవకుండానే బొమ్మ వేసేస్తారు. ఇప్పటికీ అంతే, ఇప్పుడు ఇంకా ఎక్కువ.

ఒకరోజు నన్ను మౌంటురోడ్డుకు తీసుకువెళ్లారు. అప్పుడు ఆ రోడ్డు పొడవునా చేత్తో రంగులు వేసిన బ్యానర్లు, కటౌట్లు. 1973లో కట్టిన జెమినీ ఫ్లైఓవర్ దగ్గర బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాం. ఒక్కొక్క హోర్డింగు కనబడినప్పటి నుంచి దాటిపోయేదాకా నన్ను అంకెలు లెక్కపెట్టమన్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు దాటింది ఒక్కటీ లేదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తప్ప. "ఈ అంకెల్లో ఎంత చదవగలిగావో అంతే రాయాలి. మిగతాది నిర్మాత సంతోషం కోసం" అన్నారు. తిరుగు ప్రయాణానికి ఆయన దగ్గర చిల్లర లేకపోతే టికెట్టు నేనే కొన్నాను. ఈ సంగతి ఇక్కడ అనవసరమే గాని, గురువుకు నేను ఇచ్చిన దక్షిణ అదొక్కటే కాబట్టి రాస్తున్నాను.

లేఅవుట్ ఎప్పుడూ అగ్గిపెట్టెంత సైజులో వేసేవారు. సిగరెట్ పెట్టె అట్ట మీదో, బస్సు టికెట్టు వెనకో నాలుగు గీతలు. టైటిల్ ఒక నల్లటి చారిక, ముఖం ఒక మచ్చ, అంతే. అలాంటివి పది పదిహేను వేసి బల్ల మీద పరిచి, గది అవతలి మూలకు వెళ్లి కళ్లు చికిలించి చూసేవారు. అక్కడి నుంచి కూడా ఏది ఏదో తెలిసినవి రెండు మూడు మిగిలేవి. వాటిలోంచి ఒకటి తీసుకుని, బటర్ పేపరు మీద టైటిల్ ఒక్కటే ముప్పైసార్లయినా రాసేవారు. రాసినదాన్ని తలకిందులుగా తిప్పి చూసేవారు. అక్షరాలుగా చదవడం మానేస్తే గాని వాటి బరువు తెలియదని. రంగు చివరికి వచ్చేది. నలుపు తెలుపుల్లో నిలవని పని నాలుగు రంగుల్లోనూ నిలవదని ఆయన నమ్మకం. నాకు ఇందులో కొంచెం పేచీ ఉంది, రంగుతోనే ఊపిరి పోసుకునే పనులు కొన్ని ఉంటాయి. కాని ముప్పై ఏళ్లుగా నేనూ నలుపు తెలుపుల్లోనే మొదలుపెడుతున్నాను. పేచీ ఎక్కడికి పోయిందో తెలియదు.

రంగుల దగ్గర ఆయన పిసినారి. రెండు రంగులకే డబ్బు ఉన్న పనిలో పసుపు మీద నీలం అచ్చు వేయించి, మూడో రంగుగా ఆకుపచ్చ ఊరికే సంపాదించేవారు. అయితే రెండు రంగులు కలిసే అంచు దగ్గర కచ్చితంగా ఆనించి ఆపేవారు కాదు, ఒకదాని మీదికి ఒకటి సన్నగా ఎక్కనిచ్చేవారు. నేను దాన్ని అజాగ్రత్త అనుకుని ఒకసారి సరిచేయబోయాను. "మెషిన్‌మన్ కూడా మనిషేనోయ్. తెల్లవారుజామున మూడు గంటలకు కాగితం వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. నువ్వు కచ్చితంగా కలిపిన చోట తెల్లటి సందు కనబడుతుంది. అప్పుడు ఆయన్ని తిడతావు" అన్నారు.

సినిమా గోడ పోస్టర్ల దగ్గరా ఇదే ఆలోచన. అవి ఒక్క కాగితం కాదు. పెద్ద పోస్టరుకు ఆరు షీట్లు. ఒక్కొక్కటీ విడిగా అచ్చయి వస్తే, అర్ధరాత్రి బకెట్టు మైదా జిగురుతో సైకిలు మీద వచ్చేవాడు గోడ మీద కలుపుతాడు. వీధి దీపం వెలుగులో, పోలీసు రాకముందే. అంగుళం అటూ ఇటూ అవుతుంది. అందుకని గురువుగారు షీట్లు కలిసే గీతలను ముందే లేఅవుట్ మీద గీసుకుని, నాయిక కన్ను గాని, టైటిల్లో వత్తు గాని ఆ గీత మీద పడకుండా చూసేవారు. వేరేవాళ్ల పోస్టర్లలో ముక్కు రెండుగా చీలిన కథానాయకులను నాకు చూపించి నవ్వేవారు. బాగా నవ్వేవారు, అదొక్కటి ఒప్పుకోవాలి. పరాయి పోస్టరు చెడితే ఆయనకు ఆ పూట భోజనం రుచించేది.

వత్తుల గురించి చెప్పకుండా దాటిపోలేను. తెలుగు వరుస పైనా కిందా పెరుగుతుంది. గుడి పైకి లేస్తుంది, వత్తు కిందికి వేలాడుతుంది, రాష్ట్రం అని రాస్తే మూడంతస్తుల మేడ. తమిళానికి ఆ బాధ లేదు, వత్తులు లేవు, అక్షరాలు వరసగా పక్కకు నడిచిపోతాయి. మద్రాసులో తెలుగువాళ్ల దుకాణాల బోర్డులన్నీ రెండు భాషల్లో ఉండేవి. రెండిటికీ ఒకే ఎత్తు పట్టీ ఇస్తే, గుడికీ వత్తుకూ చోటు పోగా తెలుగు అక్షరం పీలగా మిగిలేది. పాండీబజారులో ఒక వస్త్ర దుకాణం యజమాని దీని మీద గొడవకే దిగాడు: "మన భాషే చిన్నదిగా రాశారేమిటండీ, మీరు తెలుగువారై ఉండి?" గురువుగారు కొలబద్ద తెచ్చి చూపించారు. రెండూ సమానమే. "కొలత సమానమే, కాని చూపుకు చిన్నది. మీరు చెప్పిందే నిజం" అని, తెలుగు పట్టీని మూడో వంతు పెంచి మళ్లీ రాసి ఇచ్చారు, డబ్బు తీసుకోకుండా. కొలబద్ద గెలిచినా కంటి మాటే వినడం నేను అక్కడే నేర్చుకున్నాను.

ఖాళీ విషయంలో మాత్రం ఎవరి మాటా వినేవారు కాదు. పత్రికలో కాలమ్ సెంటీమీటర్ల లెక్కన డబ్బు కట్టినవాళ్లకు తెల్లగా మిగిలిన చోటు చూస్తే కడుపు తరుక్కుపోతుంది, అది సహజం. ఒక ఊరగాయల వ్యాపారి లేబుల్ చూసి, "ఇక్కడంతా ఖాళీగా ఉంది, ఒక మామిడికాయ వేయండి" అన్నాడు. "మామిడికాయ సీసాలో ఉంది కదండీ" అన్నారు గురువుగారు. ఆ లేబుల్ చాలా ఏళ్లు నడిచింది. మామిడికాయ లేకుండానే.

ఇక చుక్క సంగతి.

అది 1986. టి.నగర్‌లో ఒక హాలులో కొంతమంది తెలుగు పెద్దలు ఒక సాయంత్రం సభ పెట్టుకున్నారు. కథలు రాసేవాళ్లు వేదిక కింద కూర్చుని, చదివేవాళ్లు వేదిక మీద మాట్లాడడం అందులో విశేషం. పేరు "పాఠకుల సభ". చిన్న పోస్టరు, ఒకే రంగు. గురువుగారు మొదటిసారి పని మొత్తం నాకు వదిలేశారు. వారం రోజులు రాశాను. ఠ లోపలి చుక్కను ఎంత ముచ్చటపడి పెట్టానో చెప్పలేను; గుండ్రం నడిమి కంటే పిసరంత పైకి, కంట్లో పాపలాగా. ఆర్ట్‌వర్క్ రాయపేటలో ఒక ప్రెస్సుకు వెళ్లింది. అప్పట్లో ప్రూఫ్ చూసే తీరిక గాని, డబ్బు గాని ఇలాంటి చిన్న పనులకు ఉండేవి కావు.

మూడో రోజు ఉదయానికి పాండీబజారులో, పానగల్ పార్కు చుట్టూ పోస్టర్లు వెలిశాయి. తొమ్మిదింటికి కింద దర్జీ కొట్టుకు ఫోను వచ్చింది. నేనే వెళ్లి తీశాను. అవతల ఎవరో పెద్దమనిషి, గంభీరమైన గొంతు: "ఏమండీ, ఆదివారం సభకు పారలు మేము తెచ్చుకోవాలా, మీరే ఇస్తారా?"

నాకు అర్థం కాలేదు. వీధిలోకి పరుగెత్తి గోడ చూశాను. "పారకుల సభ" అని ఉంది. కింది వరసలో "కథ"లన్నీ "కధ"లయ్యాయి. నేను పెట్టిన చుక్క ఒక్కటి కూడా లేదు. ఎవరో బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి పారేశారు. 1920లలో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా చేసిన పానగల్లు రాజా కాళహస్తి తెలుగువారు. ఆయన పేరు పెట్టుకున్న పార్కు గోడ మీద ఈ పరువు పోవడం నన్ను ఇంకా కుంగదీసింది. రెండు రోజులకు ఒక రిటైరయిన తెలుగు పండితుడి కార్డు కూడా వచ్చింది. అందులో ఉన్నదంతా ఇక్కడ రాయను.

ప్రెస్సు వాళ్లను తిట్టడానికి నేను మాటలు సిద్ధం చేసుకుంటుంటే గురువుగారు చెప్పులు వేసుకుని, "పద, చూసొద్దాం" అన్నారు.

ఈ కాలంవాళ్లకు ఆ పద్ధతి తెలియదు కాబట్టి చెబుతాను. ఆర్ట్‌వర్కును చీకటి గదిలో పెద్ద ప్రాసెస్ కెమెరాతో ఫొటో తీసేవారు. ఫిల్ము మీద అంతా తారుమారు: తెల్లకాగితం నల్లగా, నల్ల అక్షరం అద్దంలా. కెమెరా అద్దం మీద ఏ కాస్త ధూళి ఉన్నా, ఆ నల్లటి ఫిల్ములో సూదిబెజ్జాల్లాంటి చుక్కలు పడతాయి. వదిలేస్తే అవన్నీ కాగితం మీద నల్ల మచ్చలుగా అచ్చవుతాయి. అందుకని కింద ట్యూబులైట్లు వెలిగే గాజు బల్ల మీద ఫిల్ము పరిచి, ఒక మనిషి సన్న కుంచెతో ఎర్రమట్టి రంగు ఒపేక్ అద్ది ఆ బెజ్జాలను ఒక్కొక్కటే మూసేవాడు. రోజుకు వందలు. ఇప్పుడు ఆలోచించండి. సున్నా నల్లటి కడుపులో మెరిసే ఒక్క చుక్క. తెలుగు రాని కంటికి అది సూదిబెజ్జం కాక ఇంకేమిటి? ఆయన దాన్ని ఎంతో శ్రద్ధగా మూశాడు. ఒక్కటీ వదలకుండా మూశాడంటేనే ఆయన పనితనం తెలుస్తోంది.

నలభై ఏళ్ల మనిషి, నుదుట విభూతి, కళ్ల కింద నల్లచారలు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సంగతి ముందే తెలిసినట్టుంది, చేతులు నలుపుకుంటున్నాడు. గురువుగారు కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుని, కాగితం మీద తమిళంలో రెండు అక్షరాలు రాశారు. ఒకటి క. రెండోది అదే, తల మీద చుక్కతో, క్. తమిళంలో ఆ చుక్కను పుళ్ళి అంటారు. అది ఉంటే పొల్లు, లేకపోతే నిండు అక్షరం.

"ఈ పుళ్ళి తీసేస్తే?" అని తమిళంలో అడిగారు.

"అక్షరం మారిపోతుంది సార్" అన్నాడు ఆయన, ఇదేమి ప్రశ్న అన్నట్టు.

గురువుగారు పక్కనే ర రాశారు, ఠ రాశారు. ధ, థ రాశారు. "ఇది మా పుళ్ళి" అన్నారు.

ఆయన ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. కుంచె కొసతో నాలుగు అక్షరాలనూ మార్చి మార్చి తాకాడు. తరువాత నా వైపు తిరిగి, "తంబీ, ఎన్ని ఉన్నాయో రాసి పంపు. లెక్కపెట్టుకుని వదిలేస్తాను" అన్నాడు.

బస్సులో నేను ఇంకా గొణుగుతూనే ఉన్నాను. గురువుగారు కిటికీలోంచి చూస్తూ, "ఆయనకు తెలుగు రాదు. ఆ సంగతి మనకు తెలుసు. మన ఆర్ట్‌వర్కు ఆయన చేతుల్లోకి వెళుతుందనీ తెలుసు. చెప్పామా?" అన్నారు. ఆ తరువాత మాట్లాడలేదు.

అప్పటి నుంచి ఆ ప్రెస్సుకు వెళ్లే ప్రతి ఆర్ట్‌వర్క్ మార్జిన్‌లో లేత నీలం పెన్సిలుతో చుక్కల సంఖ్య వేసేవాళ్లం. లేత నీలం ఆ కెమెరా ఫిల్ముకు కనబడదు, అందుకని. ఆయన పని ముగించి నెగటివ్‌లు పెట్టిన కవరు మీద తన లెక్క రాసేవాడు. పుళ్ళి 4. పుళ్ళి 7. రెండూ సరిపోయాకే ప్లేటు చేసేవారు. కొన్నాళ్లకు చుక్కలతో పాటు నేను ఇంకా చాలా రాయడం మొదలుపెట్టాను. మెషిన్‌మన్‌కు, బైండరుకు, పోస్టర్లు అతికించే కుర్రవాడికి కూడా. కాగితం ఏ వైపు మడవాలి, ఏ అంచు కోయకూడదు, ఎందుకు కోయకూడదు. నా ఆర్ట్‌వర్క్ మార్జిన్లు బొమ్మ కంటే నిండుగా ఉండేవి. తోటి ఆర్టిస్టులు "మీవాడు ఉత్తరాలు రాస్తాడు" అని గురువుగారితో వేళాకోళం ఆడేవారు. ఇప్పుడు కాలేజీ పిల్లలు వచ్చి మీ డిజైన్ ఫిలాసఫీ ఏమిటి సార్ అని అడిగితే నాకు ఆ మార్జిన్లే గుర్తుకొస్తాయి. నా బల్ల మీద పని సగమే అవుతుంది. మిగతా సగం నేను చూడని చేతులు చేస్తాయి, వాటికి నా భాష రాకపోవచ్చు. వాళ్లకు ఏం తెలియాలో ఆలోచించడం కూడా గీయడంలో భాగమే అని నేను వాళ్లకు చెబుతాను. వాళ్లు రాసుకుంటారు. రాసుకుని, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు అని అడుగుతారు.

సాఫ్ట్‌వేర్ రోజులు త్వరగానే వచ్చాయి. సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదుకు సర్దుకున్నారు, కోడంబాక్కం మేడ మీద తెలుగు టైటిళ్లు తగ్గాయి, 1996లో మద్రాసు పేరే చెన్నైగా మారింది. నేను కంప్యూటర్ కొన్నాను. గురువుగారు మౌస్‌ను ఒకసారి పట్టుకుని, సబ్బుముక్కతో రాసినట్టుంది అని వదిలేశారు. బాపు అక్షరాలు ఫాంటుగా వచ్చాక ఎంతో ఉత్సాహంగా తెర మీద చూపించాను. ఆయన ముక్కు తెరకు ఆనించి చూసి, "రెండు న లూ ఒకేలా ఉన్నాయే" అన్నారు. ఫాంటులో అలాగే ఉంటాయండీ అన్నాను. "బాపు గారి చేతిలో ఉండవు" అన్నారు. నేను ఆ ఫాంటు వాడడం మానలేదు గాని, టైటిల్లో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే ఒకదాన్ని ఇప్పటికీ కాస్త కదిలిస్తాను. 2003లో ఆయన పోయారు. తెల్లదారం చుట్టిన ఆ కుంచె అప్పుడు వాళ్లమ్మాయి ఇచ్చింది.

ఆ తొలి తెలుగు ఫాంట్లతో పడిన పాట్లు ఒక పురాణం. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క లెక్క, ఒకరి దగ్గర కంపోజ్ చేసిన మ్యాటర్ ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిస్తే మంత్రాలు కనబడేవి. యూనికోడ్ వచ్చాక ఆ బెడద చాలావరకు తీరింది. అందులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఠ సంఖ్య 3104, ర సంఖ్య 3120. ఇది మొదటిసారి చూసినప్పుడు ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను. కంటికి ఒక్క చుక్క దూరం, కంప్యూటర్‌కు పదహారు అంకెల దూరం. ఇప్పుడు ఎవరి కుంచే ఆ రెండిటినీ కలపలేదు. చుక్క క్షేమం.

కాని అంత క్షేమమూ కాదు. ఫోను తెర మీద అక్షరం చిన్నదయితే ఠ కడుపు మూసుకుపోతుంది, న్యూస్‌ప్రింటు మీద మూసుకుపోయినట్టే. అందుకని ఏ పనైనా ముగించాక దాన్ని మా వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన ఫోనుకు పంపుతాను. చిత్తూరు జిల్లా మనిషి, పగిలిన తెర, కళ్లజోడు లేదు, మిట్టమధ్యాహ్నం ఎండ. పైకి చదవమంటాను. ఆయన తడబడిన చోట నేను మళ్లీ మొదలుపెడతాను. మా ఆఫీసులో పనిచేసే అమ్మాయికి ఇది చాదస్తంగా ఉంటుంది. పోయిన వారం తానే స్వయంగా వెళ్లి ఆయనకు ఏదో చూపించి వచ్చింది. ఏమన్నాడని అడిగితే చెప్పలేదు, తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

సరే, కవరు.

అందులో ఒక నెగటివ్, దాని ఆర్ట్‌వర్క్ బోర్డు, అచ్చయిన ఆహ్వానపత్రం ఒకటి ఉన్నాయి. 1989. అదే పాఠకుల సభ, నాలుగో ఏడు. నెగటివ్‌ను కిటికీ వెలుగుకు పట్టుకుని భూతద్దంతో చుక్కలు లెక్కపెట్టాను. అతిథిలో ఒకటి. కథల్లో అయిదు. పాఠకుల్లో మూడు. గ్రంథాలయంలో ఒకటి. పది.

కవరు మీద పదకొండు అని ఉంది. ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు. మళ్లీ మొదటి నుంచి వెతికాను. పదకొండో చుక్క ముఖ్య అతిథి పేరు చివర, గారు అన్న మాటలో, రు కడుపులో ఉంది. అసలు అక్షరంలో ఉండవలసింది కాదు. ధూళి. అచ్చు తీసి చూశాను. అందులోనూ ఉంది. ముఖ్య అతిథి "గాఠు".

ముప్పై ఏళ్లు దాటింది. ఆ రోజు వందలమంది చేతుల్లోకి వెళ్లిన కాగితం, పారల గురించి అడిగిన పెద్దమనిషి కూడా చూసే ఉంటాడు. ఎవరూ అడగలేదు. నేనూ చూడలేదు.

ఆర్ట్‌వర్క్ బోర్డు తిప్పి మార్జిన్ చూశాను. ఆ నెల గురువుగారు జ్వరంతో ఊళ్లో ఉన్నారు, పని నేనే తీసుకువెళ్లి ఇచ్చాను, అంతవరకు గుర్తుంది. మడత ఎక్కడో రాశాను, కాగితం రకం రాశాను, బైండరుకు నాలుగు వరసలు రాశాను. నీలం పెన్సిలు అంకె లేదు. ఎన్ని చుక్కలో చెప్పలేదు. గాజు బల్ల దగ్గర కూర్చున్న ఆ మనిషికి పదకొండు కనబడ్డాయి. ఏది మాదో, ఏది ధూళో తేల్చే దారి లేదు. కుంచె పక్కన పెట్టి అన్నిటినీ వదిలేశాడు. ఎన్ని వదిలాడో కవరు మీద రాసి పంపాడు.

కింద సున్నం వేసేవాళ్లు వచ్చి తలుపు కొడుతున్నారు. ఒక్క నిమిషం అని కేకేసి, నెగటివ్‌ను మరొకసారి వెలుగుకు పట్టుకున్నాను.

పదకొండే.